తెలియక చేసిన హింస

సంవత్సరమునకొకమారు పర్యుషణ పర్వము కడపటి దినమున మన ఇండ్లలో పిన్నలును పెద్దలును ఒకచోట కూర్చుండి ప్రతిక్రమణము చేయుట ఆచారము. ఆ సమయమున మనము 84 లక్షల జీవయోనులను లెక్కించి క్షమాపణ వేడుకొందుము. పృథ్వి, జలము, అగ్ని, వాయువు దేహముగా గల జీవులు ఒక్కొక్క తెగ 7 లక్షలు. ప్రత్యేక వనస్పతి 10 లక్షలు. సాధారణ వనస్పతి 14 లక్షలు. రెండు, మూడు, నాలుగు ఇంద్రియములు గల ప్రాణులు ఒక్కొక్క తెగ 2 లక్షలు. దేవతలు, నారకులు, పంచేంద్రియములు గల పశుపక్ష్యాదులు ఒక్కొక్క తెగ 4 లక్షలు. మనుష్యులు 14 లక్షలు. మనము వర్తకులము గనుక కూడి చూచుకొనవచ్చును. మొత్తము సరిగా 84 లక్షలే వచ్చును.

ఈ లెక్కను నేను చిన్ననాటి నుండి ఒక్క అంకె తప్పకుండ చెప్పుచున్నాను. కాని కొంతకాలము క్రిందట నాకొక సందేహము కలిగినది. వనస్పతి జీవులు రెండు తెగలును కలిసి 24 లక్షలు గదా! అందులో చూచి పేరు చెప్పగల మొక్కలు నాకు 24 అయినను కలవా? నా అంగడి సరకైన పప్పులను, ధాన్యములను మినహాయించినచో మిగిలినవి వేప, రావి, మర్రి, తులసి, మరి నాలుగైదు. అప్పు ఇచ్చినవాని పేరు లేకుండ అప్పు మొత్తము మాత్రము వ్రాసిన పద్దును ఏ గుమాస్తా అయినను ఆవర్జాలోనికి ఎక్కించునా? ఎవరికి అపకారము చేసితినో ఎరుగక, మొత్తము అంకె చెప్పి క్షమింపుమని అడుగుట ఎట్టి క్షమాపణ?

ఈ సందేహము నాకు పుట్టిన చోటు హెబ్బగోడి. ముందుగా ఆ సంగతి చెప్పి, పిమ్మట దాని నుండి లేచిన ధర్మసంశయమును మీ ముందుంచెదను.

బెంగుళూరు నుండి హోసూరు పోవు రాజమార్గము మీద ఎలక్ట్రానిక్స్ సిటీ దాటినంతనే హెబ్బగోడి వచ్చును. ఇది ఆనేకల్లు తాలూకాలోనిది. ఒకప్పుడు రాగిచేలును చెరువులును గల పల్లె. నేడు పరిశ్రమలు, గిడ్డంగులు, అద్దె ఇండ్లు క్రిక్కిరిసిన పట్టణము. ఎలక్ట్రానిక్స్ సిటీకి 1970ల చివర పునాది పడినది. 2025 ఆగష్టులో మెట్రో రైలు పసుపు మార్గము తెరువబడి ఈ ఊరికి స్టేషను కూడ వచ్చినది. ఊరిభాష కన్నడమైనను, హోసూరు సీమ తెలుగును, చిత్తూరు అనంతపురముల నుండి పనులకు వచ్చినవారి తెలుగును సందుసందున వినబడును. పడమటి దిక్కున బన్నేరుఘట్ట అడవి కలదు. 1974లో జాతీయోద్యానమైన ఆ అడవిలో ఏనుగులు నేటికిని తిరుగుచున్నవి. ఊరి చెరువు చాలకాలము మురుగు చేరి పాడైయుండి, ఇటీవలి సంవత్సరములలో బయోకాన్ ఫౌండేషన్ పూనికతో బాగుపడినది. మాలిన్యమును పీల్చు మొక్కలను తెప్పలపై నాటి నీటిమీద తేల్చిరి.

ఆ ప్రాంతమున మా కుటుంబమునకు గిడ్డంగి కొరకు కొన్న ఖాళీ స్థలము ఉండెను. గులకరాళ్ళు, ఎండిన గడ్డి, అక్కడక్కడ తంగేడు పొదలు తప్ప అందేమియు లేదనియే మా తలంపు. పనికిరాని బీడు అని దానిని పిలుచుకొంటిమి. ఒక చైత్రమాసమున నేల చదును చేయుటకు యంత్రము తెప్పించితిమి. అది కదలినది మొదలు ఒక పక్షుల జంట మా తలలపై చుట్టుచు, దిగుచు, లేచుచు, గొంతు చించుకొని అరవసాగెను. పనివారిలో ఒకడు, "తీతువు అరుస్తోంది, మంచి శకునం కాదు సామీ" అనెను. మాకును భయము కలిగినది. కాని పని ఆపలేదు. యంత్రమునకు బాడుగ గంటల లెక్కన గదా! సాయంకాలమునకు నేల చదునయ్యెను. మరునాడు పెద్దలు చెప్పినట్లు శాంతి చేయించి, కొందరు బీదలకు అన్నము పెట్టించి, దోషము తొలగెనని తృప్తిపడితిమి.

మరు సంవత్సరము అదే కాలమున, గిడ్డంగి పని చూచుకొని ఉదయమున చెరువుకట్ట మీద నడచుచుంటిని. చేపలకు వేయుటకు చేతిలో కొంత పిండి ఉన్నది. పదమూడు, పదునాలుగేండ్ల బాలిక ఒకతె నోటు పుస్తకము పట్టుకొని ఎదురుగా వచ్చెను. బడిలో ఊరి పక్షులను, మొక్కలను చూచి పట్టిక వ్రాసికొని రమ్మని చెప్పిరట.

"తాతా, ఈడ మీకు ఏమేమి పిట్టలు కనపడినాయి?" అని అడిగినది.

"కాకులు, కొంగలు కనబడినవమ్మా" అంటిని.

"అంతేనా! పొద్దున్నుంచి నేను పదిహేడు రాసినాను" అని చదివి వినిపించెను. నీటికాకి, లకుముకి, జెముడుకాకి, గోరింక, పికిలి, ఇట్లు సాగినది ఆ పట్టిక. పేరు తెలియని చోట బొమ్మ గీచుకొన్నది. ఈ పేర్లన్నియు ఎవరు నేర్పిరని అడిగితిని. మదనపల్లె దగ్గరి పల్లెలో ఉన్న తన అవ్వ నేర్పినదని చెప్పి, "తీతువు ఒకటి దొరకలేదు తాతా. పోయినేడు ఆ రోడ్డు పక్క బీడులో గుడ్లు పెట్టింది. అది గూడు కట్టదు. ఉత్త నేలమీద, రాళ్ల నడుమ పెడుతుంది. గుడ్లు కూడా రాళ్ల మాదిరే ఉంటాయి. దగ్గరికి పోతే తలమీదికి దిగి అరుస్తుంది. అది శకునం కాదంట, బిడ్డల కోసం ఏడుపంట, మా అవ్వ చెప్పింది" అనెను.

"తరువాత ఏమైనదమ్మా?"

"ఏమో తాతా. ఇప్పుడు ఆడ గోడౌను ఉండాది."

నేను మారు మాటాడలేదు. ఆ గోడౌను నాదని ఆ బిడ్డతో చెప్పుటకు నోరు రాలేదు.

తరువాత విచారింపగా ఆ అవ్వ చెప్పినదంతయు నిజమని తెలిసినది. తీతువు సాధారణముగ నాలుగు గ్రుడ్లు పెట్టును. మట్టిరంగు మీద నల్లని మచ్చలుండుటచే అవి నేలలో కలిసిపోవును. ఇంచుమించు నాలుగు వారములు పొదిగినచో పిల్లలు వెలువడి, కొలది గంటలలోనే తల్లి వెంట నడచును. సంస్కృతమున దీని పేరు టిట్టిభము. పంచతంత్రమున సముద్రుడు ఎవరి గ్రుడ్లను అపహరించెనో ఆ పక్షి ఇదియే. ఆ కథలో సముద్రుడు చివరకు గ్రుడ్లను తిరిగి ఇచ్చెను. నేను ఇయ్యలేను.

ఇక సంశయము. ఈ సంగతి విన్న మా బంధువులలో పెద్దవారొకరు నన్ను ఓదార్చుచు, "తెలియక చేసితివి, దానికి దోషము లేదు" అనిరి. మరియొకరు శాస్త్రము చెప్పిరి. హింస నాలుగు విధములు: సంకల్పించి చేయునది, గృహకృత్యములలో కలుగునది, వృత్తిలో కలుగునది, ఆత్మరక్షణకై కలుగునది. గృహస్థుడు మొదటిదానిని పూర్తిగా విడువవలెను. మిగిలినవానిని వీలైనంత తగ్గించుకొనవలెను. గిడ్డంగి కట్టుట వృత్తి. అందు కలిగిన హాని తప్పనిసరి హాని. ఈ మాటలు వినుటకు ఇంపుగా ఉన్నవి. కాని అది నిజముగా తప్పనిసరియేనా? నాలుగు వారములు ఆగినచో, లేదా పని తూర్పు మూలనుండి ప్రారంభించినచో, ఆ గ్రుడ్లు దక్కెడివేమో. తప్పించుకొనరానిది కాదు, తప్పింపవలెనని తెలియనిది. ఈ రెండింటికిని చాల వ్యత్యాసము కలదు.

మన భాషలో ప్రమాదమను మాట ఉన్నది. నేడు మనము ఆ మాటను బండ్లు ఢీకొన్నప్పుడు, అగ్ని అంటుకొన్నప్పుడు వాడుచున్నాము. ఎవరి తప్పును లేని దుర్ఘటన అని మన భావము. శాస్త్రమున ప్రమాదమనగా అది కాదు, ఏమరుపాటు. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున హింసకు లక్షణము చెప్పునప్పుడు ప్రాణహానితో పాటు ఈ ఏమరుపాటును చేర్చియే చెప్పిరి. జాగ్రత్తతో చూచి నడచు ముని కాలిక్రింద పురుగు పడి చచ్చినను ఆయనకు హింసాదోషము అంటదనియు, చూడక నడచువాని కాలిక్రింద ఏదియు చావకున్నను అతనికి అంటుననియు మన పెద్దలు బోధించుచున్నారు. అందుకే ఈర్యాసమితి. నాలుగు మూరల నేల ముందు చూచుకొని అడుగు వేయుట.

నేనును ఆనాడు చూచితిని. యంత్రము దిగుటకు ముందు ఆ స్థలమంతయు రెండుమారులు తిరిగితిని. నా కన్నులకు రాళ్ళు కనబడినవి. గ్రుడ్లు కనబడలేదు. పక్షి ఏడ్పు వినబడినది; శకునముగ వినబడినది. కావున కన్నొకటి తెరచియుండుట చూచుట కాదని నాకు బోధపడినది. ఎరుక లేని కన్నునకు గ్రుడ్డునకును రాతికిని భేదము లేదు. దయ కంటె ముందు జ్ఞానమును నిలిపిన దశవైకాలిక సూత్రము క్రమములోని ఔచిత్యము నాకు ఆ కట్టమీదనే తెలిసినది.

ఒక ప్రాంతమున స్వతస్సిద్ధముగ పెరుగు చెట్టుచేమలేవి, తిరుగు పశుపక్షి కీటకములేవి అని ఒక్కొక్కటిగా పరిశీలించి పట్టిక వ్రాయుటను నేడు సర్వే అందురు. అది శాస్త్రజ్ఞుల వేడుక అని నేను తలచియుంటిని. ఒక ఊరు తన ఈర్యాసమితిని పాటించుటకు అదియే మార్గమని ఇప్పుడు తలచుచున్నాను. ఒక మనుష్యుడు నాలుగు మూరల నేల చూచుకొని అడుగు వేయును. ఒక ఊరు రోడ్డు వేయునప్పుడు, చెరువు త్రవ్వునప్పుడు, గిడ్డంగి కట్టునప్పుడు వేయు అడుగు చాల పెద్దది. దానికి తగినంత దూరము చూడవలెను గదా!

దీనికి మూడు ఆక్షేపణలు రావచ్చును. అవి నాకును తోచినవే.

మొదటిది: జీవులు అనంతము, అన్నిటిని ఎరుగుట కేవలజ్ఞానికి తప్ప ఇతరులకు సాధ్యమా? తెలియకుండుటయే ఏమరుపాటైనచో బ్రతుకుటయే ఏమరుపాటగును. నిజమే. కాని మన గృహస్థ వ్రతములలో దిగ్వ్రతమను ఒకటి ఉన్నది. నా రాకపోకలు, వ్యాపారము ఈ దిక్కున ఇంతవరకే అని హద్దు గీచుకొనుట. ఆ వ్రతము కోరికకు హద్దు. దానినే బాధ్యతకును హద్దుగా గ్రహింపరాదా? నేను ఎంత నేల కొంటినో, ఎంత నేలలో లాభము తీసితినో, అంత నేలలో ఎవరు కాపురమున్నారో ఎరుగుట నా పని. బన్నేరుఘట్ట ఏనుగుల లెక్క నేను చెప్పలేకున్నను నన్నెవరును తప్పు పట్టరు. నా స్థలములోని నాలుగు గ్రుడ్లను గూర్చి అడుగుటకు మాత్రము ఎవరికైనను హక్కున్నది.

రెండవది: ప్రాణములన్నియు సమానమైనప్పుడు పేర్లతో పనియేమి? పేరడుగక దయ చూపుటయే ఉత్తమము గదా! వినుటకు ఇది ఉన్నతముగ ఉన్నది. కాని పేరడుగని దయ ఎచ్చటికి పోవునో చూడుడు. మన ఇండ్లలో పర్వదినములందు పంజరములలోని పిట్టలను కొని విడుచుట కలదు, నేనును చేసియున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద మన దేశపు అడవి పక్షుల క్రయవిక్రయములు 1990ల ఆరంభము నుండి పూర్తిగా నిషిద్ధములు. నేను పది పిట్టలకు ఇచ్చిన సొమ్ము వేటగానికి మరునాటి పెట్టుబడి. విడిపించుట కొరకై పట్టించుట! అట్లే సంతలో ప్రాణముతో నున్న చేపలను కొని చెరువులో విడుచువారు కలరు. అవి ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అను జాతివైనచో మురుగునీటిలోను బ్రతికి, ఊరి చేపలను, వాని పిల్లలను మ్రింగివేయును. అంగడిలో ముచ్చటగ కనబడు ఎర్ర చెవుల తాబేలు అమెరికా దేశపుది. దానిని విడిచిన చెరువులో మన తాబేళ్ళకు పోటీ కలుగును. ఒక ప్రాణిని కాపాడితినని మనము ఇంటికి వచ్చి భోజనము చేయుదుము. చెరువులో జరుగునది మనకు కనబడదు.

చెట్లు నాటుటయు ఇట్టిదే. 1760లో హైదరు అలీ లాల్‌బాగు తోటను ప్రారంభించెను. ఆ తోటకు నానాదేశముల మొక్కలు వచ్చినవి. ఇరువదవ శతాబ్దమున జర్మనీ దేశస్థుడైన క్రుంబీగల్ అను ఉద్యానవేత్త సంవత్సరము పొడుగునను ఏదో ఒకటి పూయునట్లు బెంగుళూరు వీధులకు చెట్లను ఎన్నిక చేసెను. ఆ పూలు చూచి సంతోషింపనివారు లేరు. అయితే తురాయి చెట్టు మడగాస్కరు దీవిది. రేల చెట్టు మనది. రేల ఆకు తిని పెరుగు లేతపసుపు సీతాకోకచిలుక తురాయి వరుసలో తన పిల్లలకు మేత వెదకుకొనలేదు. బీళ్ళను ఆక్రమించిన వయ్యారిభామ అమెరికా ఖండపుది. 1950లలో పూనా ప్రాంతమున మొదట కంటబడి దేశమంతయు ప్రాకినది. బన్నేరుఘట్ట అడవి క్రింది భాగమును లాంటానా పొద అల్లుకొని, గడ్డి మొలవకుండ చేయుచున్నది. చెరువులలో గుర్రపుడెక్కయు పరదేశపుదియే.

ఇచ్చట ఒక చిక్కున్నది; దానిని దాచరాదు. పరదేశపు మొక్కలో ఉన్నది జీవము కాదా? అహింసావ్రతి దానిని పెరికివేయుమని చెప్పవచ్చునా? ఎన్నో తరముల క్రిందట మరియొక సీమ నుండి వచ్చి వర్తకము చేసికొని బ్రతికిన మన కుటుంబములు, పరదేశి అను కారణమున ఒక జీవిని ద్వేషించుట తగునా? తగదనియే నా అభిప్రాయము. కాని ద్వేషించుట వేరు, నాటుట వేరు. మొలచియున్న దానిని ఏమి చేయవలెనో వివేకులు ఆలోచింతురు. నా చేతులతో గుంట త్రవ్వి నాటు మొక్క ఏదో నిర్ణయించుట మాత్రము నా కర్మ. కానుగ నాటుదునా, రేల నాటుదునా, పేరు తెలియని దానిని కొని తెత్తునా? దాని మంచిచెడులు నావి. ఆ నిర్ణయమునకైనను, ఈ నేల మొక్కలేవో ముందు తెలియవలెను.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె బలమైనది: ఈ జ్ఞానము హింస వలన వచ్చినది కాదా? విశాఖపట్టణమున కుంఫిణీ కొలువు చేసిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో మన తీరపు పాములను గూర్చి పెద్ద గ్రంథము వెలువరించెను. రక్తపింజరిని ఆయన మన తెలుగు పేరైన కాటుకరేకుల పొడ అనియే వ్రాసికొనెను. ఏది విషసర్పమో ఏది కాదో తెలియుటకై ఆయన కోళ్ళను, కుక్కలను కరపించి చూచెను. సలీం ఆలీ గారు 1931-32లో హైదరాబాదు సంస్థానమునను, 1939-40లో మైసూరు సంస్థానమునను పక్షుల సర్వే చేసినప్పుడు ఆ కాలపు పద్ధతి ప్రకారము పక్షులను కాల్చి, చర్మములను భద్రపరచి గుర్తింపవలసివచ్చెను. మనము దానిని మెచ్చుకొనలేము. కాని ఆ గ్రంథముల ఫలమును అనుభవించుచు వ్రాసినవారిని మాత్రము దూషించుట న్యాయముగ తోచదు. జెర్రిగొడ్డునకు విషము లేదని తెలిసినవాడు కర్ర ఎత్తడు. ఆ తెలివిడి వలన బ్రతికిన పాములెన్నియో లెక్క ఎవరు చెప్పగలరు?

సంతోషింపవలసిన విషయమేమనగా నేడు ఆ పద్ధతి చాలవరకు మారినది. పక్షిని దుర్భిణితో చూచి, ఫోటో తీసి, కూత రికార్డు చేసి గుర్తించుచున్నారు. మొక్కకు ఒక రెమ్మయో, ఒక ఛాయాచిత్రమో చాలును. తుపాకి లేని సర్వే నేడు సాధ్యము. మన వంటి వారు దూరముగ నిలుచుటకు ఇక సాకు లేదు.

ఎరుక వలన మేలు కలుగునా అనువారికి మన కడప జిల్లా సంగతి చెప్పవలెను. కలివికోడి అను పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడనందున నశించినదనియే శాస్త్రజ్ఞులు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారి అన్వేషణలో సిద్ధవటము దగ్గర రెడ్డిపల్లె ప్రాంతమున అది మరల దొరికెను. కనుగొన్న ఘనతలో సగము ఆ పల్లెవారిది. వారు దానిని పేరు పెట్టి ఎరుగుదురు. 1988లో లంకమల్ల అభయారణ్యము ఏర్పడినది. తరువాత తెలుగుగంగ కాలువ ఆ పక్షి నివాసము మీదుగా పోవలసి రాగా, వివాదము జరిగి కాలువ దారి మార్చిరి. అంత పెద్ద కాలువ ఒక చిన్న పక్షి కొరకు తప్పుకొనుటకు కారణమేమి? ఆ పక్షి పేరు, ఉనికి పట్టికలో ఉన్నవి గనుక. పేరు లేని ప్రాణి కొరకు ఏ కాలువయు తప్పుకొనదు. ఆ పక్షి కష్టములు తీరినవని చెప్పుట లేదు. వాదించుటకు దానికొక చోటు దొరికినదని మాత్రము చెప్పుచున్నాను.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. ఇంద్రియముల సంఖ్యను బట్టి జీవులను విభజించి, చీమను ఒక తెగలో, తేనెటీగను మరియొక తెగలో ఉంచిన మన పూర్వులు పరిశీలింపకయే అట్లు చేసిరా? తీర్థంకరుల లాంఛనములను తలచుకొనుడు. వృషభము, గజము, అశ్వము, వానరము, మకరము, ఖడ్గమృగము, మహిషము, వరాహము, హరిణము, కూర్మము, సర్పము, సింహము: అదియొక అరణ్యము. ఋషభదేవునకు మర్రి క్రింద, అనంతనాథునకు రావి క్రింద, మహావీరునకు సాలవృక్షము క్రింద కేవలజ్ఞానము కలిగెనని చెప్పుకొందుము. ఏ చెట్టో మనవారు మరువలేదు. శ్రవణబెళగొళమున సుమారు 981లో చెక్కించిన బాహుబలి స్వామి అవయవములపై తీగలు ప్రాకియుండును. పాదములచెంత పుట్టలు, పాములు ఉండును. శిల్పి ఆ తీగ ఆకును శ్రద్ధగా చూచియే చెక్కెను. ఆ శ్రవణబెళగొళమున్న హాసన జిల్లా మొక్కలన్నిటిని పరిశీలించి 1976లో గ్రంథముగ ప్రకటించినవారు బెంగుళూరు సెయింట్ జోసెఫ్ కళాశాలకు చెందిన సాల్డానా అను క్రైస్తవ గురువును, నికల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును. వారికి మన నమస్కారము. మనము ఆ కొండకు ఎన్నిమారులు పోయితిమి? దారిలో ఎన్ని మొక్కలను చూచితిమి?

ఇప్పుడు చేయవలసినది పెద్ద పని కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక సంఘము నేర్పరచి, ఆ ఊరి చెట్టుచేమలను, ప్రాణులను, వానిని గూర్చి ఊరివారికి గల తెలివిడిని ఒక రిజిస్టరులో వ్రాయింపవలెను. రిజిస్టరు వ్రాయుట మనకు చేతకాని పనియా? మనము ఊరూర ఉన్నాము. ప్రతి ఊరిలోను మనకు అంగడి ఉన్నది. అంగడికి రాని మనిషి లేడు. ఆకుకూరలమ్ము అవ్వకు, గొర్రెలు మేపు తాతకు తెలిసిన పేర్లు పుస్తకములలో లేవు. వారు పోయిననాడు ఆ పేర్లును పోవును. బడిపిల్లలకు నోటు పుస్తకములు, ఒక దుర్భిణి కొనియిచ్చుట పంజరపు పిట్టలను కొనుటకంటె ఎక్కువ వ్యయము కాదు. క్రొత్త స్థలము కొన్నప్పుడు భూమిపూజకు ముహూర్తము అడుగుదుము గదా, ఆ నేలను ఎరిగిన ఒకరిని పిలిచి, "ఇక్కడ ఎవరెవరు ఉన్నారు?" అనియు అడుగుదము.

అడిగినచో సుఖముండునని మాత్రము చెప్పలేను. తెలియని నాడు నాకు నష్టము లేదు. తెలిసిన నాడు యంత్రపు బాడుగ, నాలుగు వారముల ఆలస్యము, ఒప్పందము గడువు, అన్నియు లెక్కకు వచ్చును. ఒక్కొక్కప్పుడు అన్నియు తెలిసియు గిడ్డంగియే కట్టవలసి రావచ్చును. అప్పుడు అది తెలియక చేసిన హింస కాదు, తెలిసి చేసినది. భారము పెరుగునే గాని తగ్గదు. ఈ భయము చేతనే మనలో చాలమంది తెలిసికొనకుండుటకు ఇష్టపడుచున్నామేమో అని నా అనుమానము. అప్పు చీటీని విప్పి చూడనంత మాత్రమున అప్పు తీరునా? చిట్టా మూసి పెట్టినవాడు దివాలా నుండి తప్పించుకొనడు.

ఆ గిడ్డంగి వెనుక ఇంకను కొంత బీడు మిగిలియున్నది. ఈ సంవత్సరము అందు ఏ కట్టడమును కట్టలేదు. ఆ బాలికను, ఆమె తోటివారిని పిలిపించి పట్టిక వ్రాయించితిని. తంగేడు, పల్లేరు, ఉత్తరేణి, నేలవేము, గరిక మొదలుగా 31 మొక్కల పేర్లు వచ్చినవి. తీతువు ఇంకను రాలేదు. ఆ గోడౌను నాదని బాలికతో చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "మీకు తెలీదు కదా తాతా" అనినది. నా బంధువులు చెప్పిన మాటయే అది. అయినను ఆమె నోట విన్నప్పుడు నాకు ఓదార్పు కలుగలేదు.

రాబోవు సంవత్సరి నాడు నేను 84 లక్షల లెక్క ఎప్పటివలెనే చెప్పెదను. అయితే దానికి ముందు ఆ 31 పేర్లను, వాని చివర తీతువు పేరును చెప్పి, మిచ్ఛామి దుక్కడం అనెదను. పాఠకులారా, మీ మీ ఊళ్ళలో మీకు ఎన్ని పేర్లు దొరకునో చూడుడు.